ఎందుకు మానేసిండు కాదు, ఏ నెలల మానేసిండు?

ప్రశ్న: అన్నా, మాది పరకాల దిక్కు ఒక ఊరు. మా ఎస్సీ వాడల నలుగురైదుగురం డిగ్రీ దాకా చదివినం. మా తాతలు, నాయినలు కూలికే పోయిన్రు, ఇప్పుడు మా తర్వాతి పోరగాళ్లు గూడ ఎనిమిది తొమ్మిదిల బడి మానేసి పత్తికి, మిర్చికి పోతున్రు. ఏటా ఎవరో వచ్చి నోట్‌బుక్కులు పంచి ఫొటోలు దిగి పోతరు, ఏం మారలే. మేం ట్యూషన్ పెడితే ఎట్లుంటది?
– ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, పెట్టున్రి గని ముందుగాల మానేసిన పోరగాళ్ల ఇంటింటికి పోయి ఏ నెలల మానేసిండో అడుగున్రి. పత్తి ఏరుడు దసరా అటిటుగ షురూ అయితది, అది ఒడిసేలోపే మిర్చి, అది ఎండాకాలం దాకా నడుస్తది, పదో తరగతి పరీక్షలేమో మార్చిల. ఇంట్ల అందరు చేనుకు పోతే చిన్నోన్ని ఎత్తుకోనీకి ఆడపిల్ల ఇంటికాడ ఉండిపోతది, బడి రిజిస్టర్ల మాత్రం పేరు ఉంటనే ఉంటది.

అసలు ముడి బాకీ కాడ ఉంటది చూడు. దవాఖానకో పెండ్లికో ఆసామి కాడ 20 వేలు తెస్తరు, నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 600, ఏడాదికి 7,200, అసలు అట్లనే ఉంటది, పైంగ సీజన్ల ఇంటిల్లిపాది మా చేన్లకే రావాలె అని నోటిమాట. బాకీ కింద వెట్టి చేయించుకునుడు 1976 చట్టం కింద నేరమే, కేసు పెట్టున్రి అని పట్నంల కూసోని నేను గూడ చెప్తా, రేపు పొద్దుగాల మల్ల కూలికి ఆయన చేనుకే పోవాలె గదా. అందుకే ముందుగాల ఆ బాకీ తెంపే దారి చూడాలె, మీ వాడల ఏ మహిళా సంఘంల లేని ఆడోళ్లు ఎవరో చూడున్రి. బాగ పేదోళ్లే సంఘాలల్ల ఉండరు, వలస పోతరు, మీటింగుకు రాలేరు, పొదుపు కట్టలేరని ఎవరూ చేర్చుకోరు. అసొంటి పది మందిని కూడగట్టి మీ ఊరి వీవోఏను (ఊర్లె మహిళా సంఘాల పని చూసేటామె) కలువున్రి. కొత్త సంఘానికి బ్యాంకు లోన్ రావాల్నంటే ఆరు నెలలన్న పొదుపు సక్కగ నడవాలె, కాబట్టి మిర్చి కాతకొచ్చినంక మొదలుపెడితే ఆ ఏడు పోయినట్టే. లోన్ వచ్చినంక ముందుగాల ఆ మూడు రూపాయల బాకీ తెంపాలె, టీవీ తర్వాత.

బడి కమిటీల గూడ తొంగి చూడున్రి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అండ్ల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడోళ్లు, మీ వాడ పిల్లల లెక్కకు తగ్గట్టు మీవోళ్లు. పేరుకు ఉన్నరా, సంతకాలకే పిలుస్తున్రా? ఇప్పటికే మానేసి 14 ఏండ్లు నిండినోళ్లు ఓపెన్ స్కూల్ల పది రాయొచ్చు, నాలుగు చదివేటోళ్లతోని గురుకులం ఐదో తరగతి ఎంట్రెన్స్ రాయించున్రి, మీసేవల కులం, ఆదాయం కాగితాలు ముందే తీసిపెట్టున్రి.

ఇగ ట్యూషన్. సాయంత్రం నాలుగింటికి పెడితే చేన్ల ఉన్నోళ్లు రారు, రాత్రి ఏడున్నరకు పెట్టున్రి. మిర్చి ఏరొచ్చిన పిల్లల చేతులు మండుతుంటయి, మొదటి అర్ధగంట ఏం రాయించకున్రి, లెక్కలు నోటితోనే చెప్పించున్రి.