ముందు అన్నయ్యతో మాట్లాడు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. విజయనగరంలో హాస్టల్లో ఉండి బి.టెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) రెండో సంవత్సరం చదువుతున్నాను. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌తో కలిపి రెండు సబ్జెక్టులు తప్పాను. మొదటి నుంచీ నాకు భౌతికశాస్త్రం అంటేనే ఇష్టం. ఇది మానేసి బి.ఎస్సీ.కి మారవచ్చా? ఏ చదువుకు భవిష్యత్తు ఉంది? ఫీజు అన్నయ్య పంపుతాడు. అతనికి ఇప్పుడే చెప్పవద్దని అమ్మ అంటోంది.

జవాబు: అమ్మా, ఇక్కడ కుదించి వేసిన నీ ఉత్తరం నిజానికి నాలుగు పేజీలు. అందులో మీ అన్నయ్యకు దక్కినవి రెండు మూడు వాక్యాలు. పదో తరగతితో చదువు ఆపేసి, మీ ఉద్దానం ప్రాంతపు కుర్రాళ్లు ఎందరో వెళ్లినట్టే గల్ఫ్‌కు వెళ్లి వెల్డింగ్ పని చేస్తూ, చెల్లి చదువు పూర్తయ్యాకే తన పెళ్లి అని కూర్చున్న మనిషి గురించి నీవు రాసింది అంతే. శుక్రవారం సెలవునాడు అతను వీడియో కాల్ చేసి చదువెలా సాగుతోందని అడిగితే, "బాగానే ఉంది అన్నయ్యా" అని ఫోను అమ్మ చేతికి ఇచ్చేస్తున్నానని కూడా రాశావు. నిన్ను నిద్రపోనివ్వనిది ఆ ఒక్క మాటేనని నాకు అనిపిస్తోంది.

ఏ చదువుకు భవిష్యత్తు ఉందన్న ప్రశ్నను నేను పట్టించుకోను. మారడం గురించి మాత్రం తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బి.టెక్‌లో ఒక బ్రాంచి నుంచి మరో బ్రాంచికి మారడం వేరు, బి.టెక్ వదిలి బి.ఎస్సీ.లో చేరడం వేరు. రెండోది సాధారణంగా మళ్లీ మొదటి సంవత్సరంలో కొత్తగా చేరడమే అవుతుంది. మీ అన్నయ్య లెక్కలో నీ చదువు ఇంకా రెండేళ్లు. నీ లెక్కలో కొత్తగా మూడేళ్లు, ఆపైన ఎమ్మెస్సీకి మరో రెండేళ్లు. బి.టెక్ పూర్తి చేసి భౌతికశాస్త్రానికి వెళ్లే దారీ ఉంది. ఐఐటీల్లాంటి చోట ఎమ్మెస్సీలో చేరడానికి జామ్ పరీక్ష రాయవచ్చు, పీజీ, పరిశోధన ప్రవేశాలకు జరిపే గేట్‌లోనూ ఫిజిక్స్ పేపరు ఉంది. కాకపోతే చేర్చుకునే సంస్థ అర్హత నియమాలు ముందుగా చదువుకోవాలి.

ఇంకొక మాట కటువుగానే చెబుతాను. సిగ్నల్స్‌లో నిన్ను తిప్పలు పెట్టిన, సంకేతాలను తరంగాలుగా విడదీసే ఫూరియర్ గణితం భౌతికశాస్త్రంలోనూ ఎదురవుతుంది, విద్యుదయస్కాంత సిద్ధాంతం అక్కడ ఇంకా లోతుగా ఉంటుంది. ఇష్టంతో వెళితే ఆ గణితం లొంగుతుంది. తప్పిన పరీక్షల నుంచి పారిపోయి వెళితే అక్కడా ఇదే కథ. విజయనగరంలోనే ఉన్నావు కనుక ఒక పూట మహారాజా కళాశాలకు వెళ్లి, బి.ఎస్సీ. ఫిజిక్స్ సిలబస్ అడిగి తీసుకుని, పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం నీకు నీవే చదివి లెక్కలు చేసి చూడు.

ఇక అమ్మ సంగతి. దూరదేశంలో కొడుకు బెంగపెట్టుకుంటాడన్న భయంతో ఆమె అలా అంటోంది, ఆమెను తప్పుపట్టను. కానీ ఆమె మాట ఈ విషయంలో వినవద్దు. ఎండలో నిలబడి సంపాదించినది పంపుతున్నవాడికి ఆ డబ్బు దేనికి ఖర్చవుతోందో తెలుసుకునే హక్కు ఉంది. అతను ఒప్పుకుంటేనే మారాలని నేను అనడం లేదు, ఎందుకంటే చదవవలసినది నీవు. అయితే అతనికి తెలియకుండా మారడం మాత్రం నా దృష్టిలో మోసమే. అతను చదువుకోలేదు కనుక అర్థం చేసుకోలేడన్న ఊహ నీ ఉత్తరంలో రెండు చోట్ల తొంగిచూసింది, అది నాకు బాధ కలిగించింది.

వచ్చే శుక్రవారం ఫోను అమ్మకు ఇవ్వకు. తప్పిన సబ్జెక్టుల సంగతి ముందు చెప్పు, భౌతికశాస్త్రం సంగతి తరువాత. అమ్మచేత చెప్పించవద్దు, వాట్సాప్‌లో రాసి పంపవద్దు. అతను కోప్పడితే మధ్యలో ఫోను పెట్టేయకుండా మొత్తం విను. ఎన్నాళ్లు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అని అడుగుతాడు కనుక ఆ లెక్క కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకో. పరీక్షల ఫీజు గడువు దగ్గర పడితే ఆ రెండు సబ్జెక్టులకూ కట్టేసెయ్యి, మారినా మారకపోయినా. అన్నయ్య ఏమన్నాడో నాకు రాయి. కోర్సు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.