రాత్రి మిగిలిన అన్నం మీ ఇంట్లో ఎవరు తింటున్నారు?

ప్రశ్న: మాది తిరుపతి. నేను స్కూల్ టీచర్‌ని, మా ఆయన రేణిగుంట వైపు ఒక కంపెనీలో పనిచేస్తారు. మూడేళ్ళ బాబు ఉన్నాడు. మామయ్య పోయాక ఏడాదిన్నరగా మా అత్తమ్మ పుంగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. మంచి మనిషే. కానీ ఇంట్లో ఏదీ పారేయనివ్వరు. రెండు స్పూన్ల పప్పు, నిన్నటి కూర, మొన్నటి పులుసు, అన్నీ చిన్న చిన్న గిన్నెల్లో ఫ్రిజ్‌లోకి వెళ్తాయి. పాలు పెట్టడానికి కూడా చోటుండదు. నెల కిందట బాబుకు ముందురోజు టెంకాయ పచ్చడి పెట్టారు, ఆ సాయంత్రం వాడికి ఒకటే వాంతులు. అప్పటి నుంచి అత్తమ్మ పడుకున్నాక నేను గిన్నెలు ఖాళీ చేసి చెత్త బకెట్లో వేసి పైన కాగితం కప్పేస్తున్నాను. పోయిన వారం ఆమె అది చూశారు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి మాతో కూర్చుని తినడం మానేశారు. మేమంతా తిన్నాక వంటింట్లో నిలబడి, మిగిలింది ఏదుంటే అది తింటున్నారు. ఆమెకు షుగర్ ఉంది. మా ఆయన్ని అడిగితే "మీ ఆడవాళ్ళ గొడవ మీరే చూసుకోండి" అంటారు. నాకు రోజూ టెన్షన్‌గా ఉంది. బిడ్డ ఆరోగ్యం చూసుకోవడం తప్పా? ఆమెను కొన్నాళ్ళు ఆడబిడ్డ ఇంటికి పంపమని అడగనా?

జవాబు: అమ్మా, ముందు అర్జెంటు సంగతి చెప్తాను. షుగర్ ఉన్న మనిషి మాత్ర వేసుకుని, అందరూ తినేదాకా ఆగి, మిగిలింది ఉంటే తిని లేకపోతే ఊరుకుంటే, కొన్ని రకాల మాత్రలతో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం, ఒళ్ళు వణకడం కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్ళు ఇవ్వాలి, ఆ తర్వాత డాక్టరుతో మాట్లాడాలి. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది రేపు తేల్చుకోవచ్చు. ఇవాళ రాత్రి మాత్రం ఆమె మాత్ర వేసుకునే వేళకు, మీ అందరికంటే ముందే ఆమె కంచంలో వేడి అన్నం ఉండాలి. బతిమాలైనా సరే తినిపించండి.

ఇక మీ ప్రశ్న. బిడ్డ ఆరోగ్యం చూసుకోవడం తప్పు కానే కాదు. మీరు భయపడటంలో న్యాయముంది. వండిన అన్నం బయట వదిలేస్తే అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అన్నం ఉడికినా దాని బీజాలు చావవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని వదులుతాయి. మళ్ళీ ఎంత వేడిచేసినా ఆ విషం పోదు. తిన్న ఒక గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు పట్టుకుంటాయి. మన తిరుపతి ఎండల్లో, వంటిల్లు కొలిమిలా ఉండే రోజుల్లో, వండిన పదార్థం బయట గంట దాటకుండా చూసుకోవాలి. టెంకాయ పచ్చడి, పాలు పోసినవి, గుడ్డు, మాంసం ఇంకా త్వరగా చెడతాయి. అయితే ఆ రోజు వాంతులకు ఆ పచ్చడే కారణమని మీరు కచ్చితంగా చెప్పలేరు. పిల్లలకు వాంతులు వంద కారణాలతో వస్తాయి. ఈ నెల రోజుల్లో "బిడ్డకు విషం పెట్టారు" అన్న మాట మీ నోటి నుంచి వచ్చి ఉండకపోవచ్చు. కానీ మీ ముఖంలో అది ఆమెకు కనబడి ఉంటుంది.

మీ తప్పు ఒకటి ఉంది, దాచకుండా చెప్తున్నాను. పారేయడం తప్పు కాదు. కాగితం కప్పడం తప్పు. ఆ కాగితాన్ని చూసినప్పుడు ఆమెకు ఏమనిపించి ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి. ఏడాదిన్నరగా ఈ ఇంటికి తాను చేస్తున్న ఒకే ఒక్క సాయం ఇది, ఒక గింజ వృథా పోకుండా చూడటం. అది రోజూ రాత్రి చెత్తలోకి పోతోందనీ, తనకు తెలియకుండా జరుగుతోందనీ ఆమెకు ఆ నిమిషంలో తెలిసింది. అందుకే మాట రాలేదు. పోట్లాడి ఉంటే మీకే కొంచెం తేలికగా ఉండేది.

పుంగనూరు వైపు పల్లెల్లో పారేయడం అనే పనే ఉండేది కాదు. మనిషి తినగా మిగిలింది కుడితి తొట్టిలోకి పోయేది, గొడ్డు తాగేది. ఆ తర్వాత కుక్క, కోళ్ళు. వాటికీ పనికిరానిది దిబ్బలోకి, దిబ్బ నుంచి చేనికి. రాత్రి సంగటి ముద్ద మిగిలితే నీళ్ళలో వేసి, పొద్దున్నే మజ్జిగ పోసి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగేవాళ్ళు. ఎండాకాలంలో అన్నం మిగిలితే జీలకర్ర, ఉప్పు కలిపి వడియాలు పెట్టేవాళ్ళు. అలాంటి ఇంట్లో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని తీసుకొచ్చి మీరు ఫ్లాట్‌లో కూర్చోబెట్టారు. ఇక్కడ గొడ్డు లేదు, దిబ్బ లేదు, చేను లేదు. మిగిలినదానికి పోవడానికి ఉన్న దారి చెత్త బకెట్ ఒక్కటే. ఆమెకు తెలిసిన దారులన్నీ మూసుకుపోయాయి. ఫ్రిజ్‌లో వరసగా నిలబడ్డ ఆ గిన్నెలు, ఎటు పోవాలో తెలియక అక్కడ ఆగిపోయినవే.

ఇంకో సంగతి కూడా ఉంది. మన సీమలో మెట్ట ఊళ్ళలో ఒకప్పుడు వరి అన్నం పండగ పూట తిండి. మిగతా రోజులు రాగి సంగటే, జొన్న సంగటే. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచాయి. మీ అత్తమ్మ అప్పటికి పుట్టి ఉండకపోవచ్చు, కానీ ఆమెను పెంచిన తల్లి ఆ గంజి కోసం గిన్నె పట్టుకుని నిలబడి ఉండొచ్చు. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది 1983లో. రోజూ తెల్లన్నం వండుకోవడం అప్పటి నుంచే చాలా ఇళ్ళలో అలవాటైంది. ఆ తరం ఆడవాళ్ళు అన్నాన్ని చూసే చూపు మనకు రాదు. రాకపోవడం మన తప్పు కాదు. కానీ ఆ చూపును వెక్కిరించకూడదు.

ఇప్పుడు నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే బాధ కలిగించిన వాక్యం దగ్గరికి వస్తాను. "మేమంతా తిన్నాక వంటింట్లో నిలబడి, మిగిలింది తింటున్నారు." ఇది పోయిన వారం మొదలైందని మీరనుకుంటున్నారు. నేను అనుకోవడం లేదు. ఒక్కసారి వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకోండి. ఈ ఏడాదిన్నరలో పొద్దున ఇడ్లీలు వేసినప్పుడు రాత్రి అన్నం ఎవరు తిన్నారు? మీ ఆయనకు ఎప్పుడైనా ఆ అన్నం పెట్టారా ఆమె? "పారేయద్దు పాపా, నేను తింటాలే" అని ఉంటారు. మీరు కూడా సరే అని ఊరుకుని ఉంటారు.

మా అమ్మ పలమనేరులో అలాగే చేసేది. మాకు వేడి అన్నం, తనకు సద్దన్నం. తనకు సద్దన్నమే ఇష్టమని మేమంతా నమ్మాం. నాకు పెళ్ళయ్యాక ఒకసారి వచ్చినప్పుడు వేడి అన్నంలో నెయ్యి వేసి పెడితే, రెండోసారి అడిగి పెట్టించుకుంది. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. మన ఇళ్ళలో మిగిలింది మిగిలినట్టు ఆడవాళ్ళ కంచంలోకే వస్తుంది. ఆడవాళ్ళలోనూ పెద్దదానికి, భర్త పోయినదానికి ఇంకా ఎక్కువ వస్తుంది. మీ అత్తమ్మ మీకు పెట్టిన కష్టం కంటే తనకు తాను పెట్టుకున్న కష్టం పెద్దది. దాన్ని మీరు ఆపగలరు, ఎందుకంటే ఇప్పుడు ఆ వంటిల్లు మీ ఇద్దరిదీ.

కాబట్టి ఇంట్లో ఒకే ఒక్క మాట పెట్టుకోండి. మిగిలినదేదైనా బాగుంటే నలుగురూ పంచుకుని తినాలి. మీ ఆయన కంచంలో వడ్డించడానికి పనికిరానిది అత్తమ్మ కంచంలోకీ రాకూడదు. ఈ మాట ఆమెకు చెప్పాల్సింది మీరు కాదు, ఆమె కొడుకు. "మీ ఆడవాళ్ళ గొడవ" అని ఆయన తప్పుకోవడం నాకు నచ్చలేదు. తన తల్లి నిలబడి తింటుంటే కొడుకు కూర్చుని టీవీ చూడటం ఆడవాళ్ళ గొడవ ఎలా అవుతుంది? ఈ జవాబు ఆయనతో చదివించండి. రేపు పొద్దున రాత్రి అన్నంతో నిమ్మకాయ పిండి చిత్రాన్నం చేస్తే మొదటి ప్లేటు ఆయనే తినాలి. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని తినాలి. కొడుకు సంతోషంగా తినే చిత్రాన్నం ముందు, మిగిలిపోయిందన్న ఊసే ఆమెకు గుర్తుకు రాదు.

మీరు చేయాల్సింది, ఆమె దగ్గరికి వెళ్ళి, బాబు నిద్రపోయాక, "అత్తమ్మా, మీకు చెప్పకుండా పారేశాను, పైన కాగితం కప్పాను. అది తప్పు. నాకు బాబు గురించి భయమేసింది, మీకు చెప్పే ధైర్యం రాలేదు" అని చెప్పడం. అంతే చెప్పండి. "కానీ మీరు కూడా" అని మొదలుపెట్టకండి. ఆమె ఏడవొచ్చు, ఏమీ అనకపోవచ్చు. తొందరపడకుండా అక్కడే కూర్చోండి. బాబు తిండి గురించి అదే రోజు మాట్లాడవద్దు. రెండు మూడు రోజులయ్యాక, "వాడికి అయిదేళ్ళు వచ్చేదాకా అప్పుడు వండిందే పెడదాం అత్తమ్మా" అని నెమ్మదిగా చెప్పండి. ఈ ఒక్క విషయంలో మీరు వెనక్కి తగ్గాల్సిన పని లేదు.

తర్వాత, వండే కొలత ఆమెకు అప్పగించండి. ఇది నేను మర్యాద కోసం చెప్పడం లేదు. ఇంట్లో ఎవరు ఎంత తింటారో మీకంటే ఆమెకు బాగా తెలిసి ఉంటుంది, ఎందుకంటే మిగిలింది రోజూ చూసేది ఆమే. రాత్రి బియ్యం ఎన్ని గ్లాసులు పోయాలో ఆమెనే అడగండి. మిగలకుండా వండటం మిగిలింది దాచడం కంటే పెద్ద పొదుపు, అది ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. మీ ఇంట్లో అన్నం ఎక్కువ కావడానికి కారణం, మీ ఆయన బయట తిని వస్తారో ఇంటికే వస్తారో చెప్పకపోవడం అయి ఉండొచ్చు. సాయంత్రం ఒక్క ఫోన్ చేస్తే చాలు.

మిగిలినా భయం లేకుండా ఉంచుకోవడానికి కొన్ని పద్ధతులున్నాయి. అందరూ తినగానే అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో పరిస్తే త్వరగా చల్లారుతుంది, అప్పుడు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నెతో వేడిగా పెడితే నడుమ గంటల కొద్దీ వెచ్చగానే ఉంటుంది. ఫ్రిజ్ అయిదు డిగ్రీల లోపు ఉండాలి. కరెంటు చాలాసేపు పోతే అందులోది నమ్మకూడదు. మర్నాడు ఒకేసారి, పొగలు వచ్చేలా వేడిచేసి తినేయాలి, మళ్ళీ లోపల పెట్టకూడదు. ఆమె సద్దన్నం అంటే నిజంగానే ఇష్టపడితే, రాత్రి పదకొండు దాకా ఆరబెట్టిన అన్నంలో కాకుండా, భోజనాలవగానే శుభ్రమైన గిన్నెలో నీళ్ళు, కొంచెం మజ్జిగ పోసి ఉంచమనండి. పులుపు త్వరగా ఎక్కితే చెడు సూక్ష్మజీవులు పెరగడం కష్టమవుతుంది. షుగర్ కాబట్టి ఎంత తినొచ్చో డాక్టరును అడగాలి. బాబుకు మాత్రం వద్దు.

ఇంతచేసినా కొంత పారేయక తప్పదు. దాన్ని కవర్లో కట్టి గేటు దగ్గర పెట్టకండి. ఆవులు కవరుతో సహా తినేస్తాయి. వండిన అన్నం ఎక్కువగా తిన్నా వాటికి కడుపులో పులిసి ప్రాణం మీదకు వస్తుంది. ఆవుకు పెట్టామన్న పుణ్యం అందులో ఉండదు. తడి చెత్త వేరుగా వేయండి. కూరగాయల తొక్కలకు మేడ మీద ఒక పాత కుండ పెట్టి, మట్టి వేసి, దాని బాధ్యత అత్తమ్మకు ఇవ్వండి. కరివేపాకు మొక్క పక్కన దిబ్బ లాంటిది ఒకటి ఉంటే ఆమె చేతికి తెలిసిన పని దొరుకుతుంది.

ఆడబిడ్డ ఇంటికి పంపడం గురించి: ఇప్పుడు వద్దు. ఈ వారంలో పంపితే, గిన్నెలతో పాటు తననూ బయటపెట్టారని ఆమె అనుకుంటారు. కూతురి ఇంటికి పండక్కో, పిల్లల సెలవులకో ఆమెకు ఇష్టమైనప్పుడు వెళ్తే అది వేరు. ఆమె కొంత కుదుటపడ్డాక తానే అడిగితే సంతోషంగా పంపండి. మీకూ కొంచెం విశ్రాంతి దొరుకుతుంది, అది కోరుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న గిన్నెలు. ఈ రాత్రి వాటిని ముట్టుకోకండి. ఆదివారం పొద్దున, బాబును మీ ఆయనకు అప్పగించి, మీరిద్దరూ అన్నీ బయటికి తీసి బల్ల మీద పెట్టండి. ఒక్కొక్క మూత తీసి, "ఇది ఏ రోజుది అత్తమ్మా?" అని అడగండి. రెండు రోజులు దాటినవి ఎన్ని ఉన్నాయో ఆమే చెప్తారు. ఏది వదిలేయాలో ఆమె చేతినే నిర్ణయించనివ్వండి. చింతపండు పులుసు లాంటిది నిన్నటిదే ఉంటే, దాన్ని మళ్ళీ మరగబెట్టి వేడి సంగటి చేయమని అడగండి. ఆ పూట నలుగురూ కలిసి కూర్చుని తినండి.