ఎర్ర నాటు గొర్రెల్ని అలాగే ఉంచాలా, నెల్లూరు పొట్టేలు వదలాలా? మా ఇంట్లో జరిగింది చెప్తా

తమ్ముడూ మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి దగ్గర మీకు తాతగారి కాలం నుంచి వస్తున్న ఎర్ర గొర్రెలు 30 ఉన్నాయి, బేరగాడు వచ్చి నెల్లూరు పొట్టేలు వదిలితే పిల్లలు డబుల్ బరువు వస్తాయి అంటున్నాడు, నాన్న వద్దంటున్నారు, ఇంట్లో వాళ్ళం ఈ జాతిని నిలబెట్టుకోగలమా, గిట్టుబాటు అవుద్దా అని కదా అడిగారు. నేను డాక్టర్ని కాదు ముందే చెప్తున్నా. సోంపేట వైపు గొర్రెలు కాసే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని, పెళ్ళయ్యి 14 ఏళ్ళు, వచ్చినప్పుడు గొర్రెకీ మేకకీ తేడా తెలుసు అంతే. ఇప్పుడు మందలో ఏది దేని కూతురో మావయ్య కంటే నాకే బాగా తెలుసు, ఎందుకంటే పుస్తకం రాసేది నేను.

ముందు మీవి ఏ గొర్రెలో చూసుకోండి. ఒళ్ళు గోధుమ రంగు నుంచి ముదురు ఎరుపు దాకా ఉండి, కొన్నిటికి మొహం మీద తెల్ల మచ్చ, పొట్టేళ్ళకి కొమ్ములు ఉండి ఆడవాటికి లేకపోతే, తోక సన్నగా, ఒంటి మీద ఉన్ని కాకుండా పొట్టి వెంట్రుకే ఉంటే అవి గంజాం గొర్రెలు అయ్యుండొచ్చు. కర్నాల్లో జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో అని ఉంది, దేశంలో జాతుల్ని నమోదు చేసేది వాళ్ళే, ఆ లిస్టులో గంజాం గొర్రె ఉంది. ఒడిశా జాతిగా రాసుంటుంది గానీ అక్కడ కూడా కాసేది ఎక్కువగా గొల్లలే, మనలాగ తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడుమంది. 1936లో ఒడిశా విడిపోయేదాకా గంజాం జిల్లా, మనం అంతా మద్రాసు కిందే కదా, మా అత్తవారి వైపు సగం చుట్టాలు ఇచ్ఛాపురం దాటాకే ఉంటారు. మేమైతే ఇంట్లో ఎప్పుడూ గంజాం గొర్రె అనలేదు, ఎర్ర గొర్రెలు అనే అంటాం, ఆ పేరు నాకు గరివిడి వెటర్నరీ కాలేజీలో చదివిన ఒక కుర్రాడు చెప్తేనే తెలిసింది. ఒకటి జాగ్రత్త, నెల్లూరులో కూడా ఎర్రవి ఉంటాయి, దొర అంటారు (తెల్లగా ఉండేది పల్ల, తెలుపు మీద మూతికి కళ్ళకి నల్ల మచ్చలుండేది జొడిపి). కానీ నెల్లూరువి బాగా ఎత్తు, కాళ్ళు పొడుగు, మన వాటి పక్కన నిలబెడితే చిన్నపిల్లాడికి కూడా తేడా తెలిసిపోద్ది.

ఇప్పుడు బేరగాడి మాట. అబద్ధం అనను. మేము కూడా 2013లో ఆ పని చేశాం, మా ఆయనే పట్టుబట్టి ఒక జొడిపి పొట్టేల్ని కొన్నాడు, పలాసలో జీడి ఫ్యాక్టరీలో జీతం వస్తుంది కదా, ఆ డబ్బులతో. మొదటి ఈత పిల్లలు చూడముచ్చటగా ఉన్నాయి, సంక్రాంతికి వచ్చినవాడు వచ్చినట్టు అడిగాడు, ఇంట్లో అందరం మావయ్యని ఎగతాళి చేశాం. తర్వాత మొదలయ్యింది. మన గొర్రె చిన్నది, కడుపులో పిల్ల పెద్దది, ఆ ఏడాది రెండు గొర్రెలు ఈనలేక చచ్చిపోయాయి, ఒకదాని కడుపులోంచి పిల్లని మావయ్య చేత్తో లాగాడు, నేను లాంతరు పట్టుకుని నిలబడ్డాను, ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తుంది. పుట్టిన ఆడపిల్లల్ని మందలో ఉంచుకున్నాం కదా, వాటికి మేత ఎక్కువ కావాలి, మా దగ్గర బీలలో (నీళ్ళు నిలిచే పల్లపు నేల) వానాకాలం అంతా తడి, వాటికే ముందు గిట్టల మధ్య పుండ్లు పడి కుంటేవి. నెల్లూరు గొర్రె చెడ్డది అనట్లేదు, దాని ఊళ్ళో అది రాజు, మెట్ట పొలాల్లో కట్టి మేపేవాళ్ళకి బాగానే ఉంటుందేమో. మా తడికి, మా మేతకి పనికిరాలేదు అంతే. మూడేళ్ళలో ఆ కలిసినవన్నీ ఒక్కొక్కటే అమ్మేశాం, మావయ్య ఒక్క ముక్క అనలేదు, అదే ఎక్కువ బాధ.

అసలు విషయం ఇది, దీన్ని నేను చాలా ఆలస్యంగా గమనించాను. "నాటువి బరువు రావు" అంటారు కదా, ఎందుకు రావు? పండగకి, అమ్మవారి సంబరానికి, బక్రీదుకి కొనేవాడు వచ్చి మందలోకి చూపు వేస్తాడు, ఏది బలంగా ముందు నడుస్తుందో దాని మీదే చెయ్యి పెడతాడు. మంచి రేటు ఇస్తాడు, మనకీ డబ్బు అవసరం, ఇచ్చేస్తాం. ఎవడూ అడగని బక్క పొట్టేలు పిల్ల మందలో మిగిలిపోద్ది, వచ్చే వానలకి అదే అన్ని గొర్రెల్నీ దాటుద్ది. ఇలా ఇరవై ఏళ్ళు చేశాక జాతి చిన్నదైపోయింది అని జాతిని తిడతాం!! మా పుస్తకంలో 2017 ముందు పేజీలు లేవు గానీ మావయ్యని కూర్చోబెట్టి అడిగితే ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్న సంక్రాంతికి ముందే రెండు పొట్టేలు పిల్లల చెవులకి అదనంగా ఒక గాటు పెట్టేవాడట, అవి అమ్మకానికి కావని గుర్తు. ఆయన పోయాక ఆ గాటు పెట్టడం ఎవరికీ గుర్తు లేదు. మీ నాన్నగారు వద్దంటున్నారంటే ఆయనకి ఇలాంటిదేదో తెలిసే ఉంటుంది, కోప్పడకుండా కూర్చుని అడగండి.

తిత్లీ తుఫాను సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజాము. మీ వైపు కూడా తెలుసు కదా ఏం జరిగిందో, ఉద్దానంలో కొబ్బరి జీడి చెట్టు నిలబడలేదు. గొర్రెలు తోటలో పాకలో ఉన్నాయి, కొబ్బరిచెట్టు అడ్డంగా పాక మీద పడింది. 41 ఉండేవి, 17 పోయాయి, ఉన్న ఒక్క విత్తనం పొట్టేలు కూడా పోయింది. రోడ్డు మీద చెట్లు తీసేదాకా ఎవరూ రాలేరు, వాసన వస్తుంటే గొయ్యి తీసి పాతిపెట్టేశాం, తర్వాత లెక్క రాయడానికి వచ్చినాయన ఫోటోలు లేవు కదమ్మా అని తొమ్మిదే రాసుకున్నాడు. అది వదిలేయండి. పొట్టేలు లేని మందతో ఏం చేయాలో మాకు తోచలేదు, ఇంక నెల్లూరుదే కొనాలి అని మా ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పుడు మావయ్య నింపాదిగా "మన అప్పకి ఇచ్చినాం కదేటి, దాని పిల్లలుంటాయి, ఎల్లి తెచ్చుకుందుం" అన్నాడు. ఒడిశాలో చికిటి వైపు ఆయన అక్కగారి ఇల్లు. 2011లో మనవడు పుట్టాడని ఆవిడకి ఒక పొట్టేలు పిల్లని కానుకగా ఇచ్చాడట, జొడిపి మా ఇంటికి రాకముందు, ఆ సంగతి మేమందరం మర్చిపోయాం. వెళ్ళి చూస్తే దాని మనవడు ఉంది, మొహం మీద అదే తెల్ల బొట్టు. ఆటోలో కాళ్ళు కట్టి తెచ్చుకున్నాం, దారంతా నా ఒళ్ళోనే తల పెట్టుకుంది.

అందుకే మీకు చెప్పేది, ఒక్క ఇంట్లో ఉంటే జాతి ఉన్నట్టు కాదు. ఆ వెటర్నరీ కుర్రాడు నాకు కాగితం మీద ఒక లెక్క వేసి చూపించాడు. ఆడవాటి సంఖ్యని మగవాటి సంఖ్యతో హెచ్చించి, దాన్ని 4తో హెచ్చించి, మొత్తం జీవాల సంఖ్యతో భాగించాలట. 30 గొర్రెలు ఒక్క పొట్టేలు అయితే 120ని 31తో భాగిస్తే 4 కూడా రాదు. అంటే చూడ్డానికి 31 ఉన్నా రక్తం లెక్కలో నాలుగే జీవాలు. తండ్రే కూతుర్ని దాటితే పుట్టే పిల్లలో 25 శాతం రక్తం కలిసిపోయినట్టు, పిల్లలు బలహీనంగా పుట్టడం, గొర్రెలు చూలు నిలవకపోవడం అక్కడి నుంచే. అదే మూడిళ్ళ వాళ్ళు కలిసి 90 గొర్రెలకి 6 పొట్టేళ్ళు ఉంచితే ఆ లెక్క 22 దాటుతుంది. గొర్రెలు కొనక్కర్లేదు, పొట్టేళ్ళు మార్చుకుంటే చాలు. మేము ఇప్పుడు అదే చేస్తున్నాం, మా ఇల్లు, చికిటి వాళ్ళ ఇల్లు, మందస దగ్గర మా తోడికోడలి పుట్టిల్లు, రెండేళ్ళకోసారి పొట్టేలు ఒక ఇంటి నుంచి తర్వాత ఇంటికి పోద్ది, ఎప్పుడూ ఒకే వరసలో. డబ్బు మాట రాకూడదని ముందే అనుకున్నాం, డబ్బు వస్తే చుట్టరికం పోద్ది.

పొట్టేలు పిల్లని ఎలా ఏరాలి అంటే మేం చూసేవి మూడే. తల్లి ప్రతి ఈతకీ పిల్లని నిలబెట్టుకుందా అనేది పుస్తకంలో చూస్తా. మూడు నెలలకి వేలాడే కాటాకి గోనెసంచిలో వేసి తూస్తా. వానాకాలం మొత్తం కుంటకుండా నడిచిందా అనేది మావయ్య చెప్తాడు. ఈ మూడూ దాటిన వాటిలో రెండింటికి చెవి గాటు పడుతుంది, ఇంక ఎంత రేటు చెప్పినా ఇవ్వం (పోయినేడు ఒకాయన మరీ ఎక్కువ చెప్పాడు, రాత్రంతా ఇంట్లో గొడవే, చివరికి ఇవ్వలేదు). మిగతా మగపిల్లల్ని ఆరు నెలల లోపే అమ్మేస్తాం, పండగ దాకా ఉంచాల్సినవాటికి పొట్ట కింద గోనెగుడ్డ కడతాం, దాటకుండా. 2019లో మూడు నెలల మగపిల్లలు 9 కిలోల దగ్గర ఉండేవి, ఇప్పుడు పదిన్నర, 11 వస్తున్నాయి. అంతా పొట్టేలు గొప్పతనమే అనను, నట్టల మందు టైముకి పట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాం.

జబ్బుల గురించి మీరు అడగలేదు గానీ రెండు మాటలు. నాటువి కదా ఏం కాదు అనుకోవద్దు. బీల, చెరువు గర్భం, ఎక్కడ నత్తలుంటే అక్కడ మేసినవాటికి కార్జంలో జలగ పడుతుంది, దవడ కింద సంచిలా వాపు కనిపిస్తే అది అయ్యుండొచ్చు, మామూలు నట్టల మందు దానికి సరిపోదు, జలగ మందు వేరే అడగాలి. తొలకరికి ముందే చిటుక రోగం టీకా, ఎందుకంటే కొత్త పచ్చిక మీద పడి తిన్నదే సాయంత్రానికి గిలగిల కొట్టుకుని పోద్ది, అదీ మందలో బలమైనదే పోద్ది. పీపీఆర్ (పారుడు రోగం) టీకా మూడేళ్ళకోసారి. కుంటేవాటిని మైలుతుత్తం నీళ్ళలో నడిపించడం. చూలు 5 నెలలు కాబట్టి ఏ నెలలో ఈనాలో మీరే ముందు లెక్క వేసుకోండి, మా దగ్గర జూన్, జులైలో పొట్టేలు వదిలితే నవంబర్, డిసెంబర్‌లో ఈనుతాయి, అక్టోబర్ తుఫాన్లు దాటిపోతాయి, కోసిన మళ్ళు కూడా ఖాళీ అవుతాయి. ఆ ఖాళీ కూడా తగ్గిపోతోంది లెండి, కోత అవ్వకముందే మినుము పెసర జల్లేస్తున్నారు, గొర్రె అడుగు పెడితే కర్ర పట్టుకుని వస్తారు.

కేంద్రాపడా గొర్రె అని ఒడిశాలోదే ఇంకోటి ఉంది, కవలలు ఎక్కువ ఈనుతుంది, దాని పొట్టేలు తెచ్చుకోండి అని కూడా ఎవరో ఒకరు అంటారు మీకు. పుట్టడం సరే, మా మేత మీద ఒక గొర్రె ఇద్దరికి పాలు ఎక్కడి నుంచి ఇస్తుంది? మేం ఆ జోలికి పోలేదు.

గిట్టుబాటు అంటారా. నిజం చెప్తా, జాతి పేరు చెప్తే సంతలో ఎవడూ ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడు, కొనేవాడికి కాటా ముల్లే కావాలి. మా ఇల్లు దీని మీద ఒక్కదాని మీదే నడవదు, మా ఆయన జీతం ఉంది, కాస్త కొబ్బరి ఉంది. కానీ ఖర్చు దాదాపు లేదు, దాణా కొనం, మందులు టీకాలే. ఇంకో ఆదాయం జనం మర్చిపోతారు, మంద పెట్టడం. తుఫాను తర్వాత కొత్తగా కొబ్బరి మొక్కలు వేసినవాళ్ళు గొర్రె ఎరువు కోసం తిరుగుతున్నారు, మూడు మందలు కలిపి 120 జీవాలు తోటలో పడుకోబెడితే రాత్రికి 600 దాకా ఇచ్చారు, కొందరు డబ్బు బదులు బస్తాల్లో వడ్లు ఇస్తారు. జాతీయ పశుధన మిషన్ సబ్సిడీ గురించి కూడా రాశారు. సగం సబ్సిడీ మాట నిజమే, కానీ 100 గొర్రెలు 5 పొట్టేళ్ళ యూనిట్ దగ్గర మొదలవుద్ది, దానికి సబ్సిడీ 10 లక్షల దాకా. ఒకేసారి 100 ఎర్ర గొర్రెలు ఎక్కడ కొంటారు? సంతలో దొరికేవి కలగాపులగం, అవి తెచ్చి మీ 30లో కలిపితే రెండేళ్ళలో మీవి ఏవో మీకే తెలీదు. అప్పు తీసుకుని ఈ జాతి మొదలుపెట్టొద్దు అనే నా మాట, ఉన్నవాటిని పెంచుకోండి.

నెల్లూరు పొట్టేలు మీద మరీ మనసు పోతే ఒక పని చేయొచ్చు, 30లో వయసు మళ్ళినవి ఏడెనిమిది విడిగా కట్టి వాటికి మాత్రమే వదలండి, పుట్టినవి ఆడైనా మగైనా అన్నీ అమ్మకానికే, ఒక్కటి కూడా మందలోకి రాకూడదు. కుదురుతుందా మీ ఇంట్లో? మా ఇంట్లో కుదర్లేదు, ఆడపిల్ల ముద్దొస్తే మా అత్త ఉంచేసేది.

ముందు మీ నాన్నగారిని ఒక్కటి అడగండి, ఇప్పుడున్న పొట్టేలు ఎక్కడిది, బయట నుంచి తెచ్చిందా, ఈ మందలోనే పుట్టిందా, పుడితే దాని తల్లి ఇంకా మందలో ఉందా. జవాబు కింద రాయండి. ఇక్కడే పుట్టింది అంటే ఈ తొలకరికి దాన్ని వదలకండి, మందస వాళ్ళ దగ్గర చెవి గాటు పెట్టిన పొట్టేలు ఒకటి ఉంది, అక్కడ దాని రెండేళ్ళ వంతు పూర్తవుతోంది, మావయ్యతో మాట్లాడి చెప్తాను.