చుక్కలా కనిపించిన వైరస్

ప్రశ్న: అమీబాల్లో పెరిగే రాక్షస వైరస్‌లు ఒకప్పుడు పూర్తి జీవకణాలేనని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ వాదన ఉందమ్మా, నాకూ కొన్నాళ్లు నచ్చింది. మామూలు సూక్ష్మదర్శినికి వైరస్ కనిపించదని ఏళ్ల తరబడి బోర్డు మీద రాసి మరీ చెప్పినవాడిని! నా మాటను మిమివైరస్ అనే రాక్షస వైరస్ కొట్టిపారేసింది.

1992లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో న్యుమోనియా ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతూ ఒక కూలింగ్ టవర్ నీటిని పరీక్షించారు. అందులోని అమీబాల్లో గుండ్రటి చుక్కలు కనిపించాయి. బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే గ్రామ్ రంగు వేస్తే పట్టింది. ఇంకేం, బ్యాక్టీరియా అనుకున్నారు. కానీ బ్యాక్టీరియాకు తప్పక ఉండాల్సిన రైబోసోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) జన్యువు ఎంత వెతికినా దొరకలేదు. చివరికి ఫ్రాన్స్‌లోని మార్సెయ్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే 20 ముఖాల తొడుగు, దాని చుట్టూ దట్టమైన నూగు! అది వైరస్ అని 2003లో ప్రకటించారు. దాని డీఎన్‌ఏలో దాదాపు 12 లక్షల అక్షరాలు. కొన్ని బ్యాక్టీరియాలకే అన్ని లేవు.

పైగా ప్రోటీన్ తయారీకి పనికొచ్చే, మామూలుగా కణాల్లోనే ఉండే జన్యువులు కొన్ని ఉన్నాయి. అందుకే, ఇది చితికిపోయిన జమీందారు లాంటి పాత కణమని కొందరు వాదించారు. అయితే 2017లో ఆస్ట్రియా మురుగునీటి కేంద్రపు నమూనాల్లో క్లోస్నూవైరస్ అనే మరో రాక్షస వైరస్ జన్యుక్రమం బయటపడింది. అందులో అలాంటి జన్యువులు మరీ ఎక్కువ. వంశావళి గీస్తే అవి వేర్వేరు ఆతిథేయుల (వైరస్ చేరి పెరిగే జీవుల) నుంచి విడివిడిగా తెచ్చుకున్నవని తేలింది. చిన్న వైరసే అప్పు తెచ్చుకుని మేడ కట్టిందన్నమాట. చర్చ ముగియలేదు గానీ, నా మొగ్గు ఇప్పుడు అటే.