టీలో టానిన్లు (మొక్కల్లో ఉండే వగరు పదార్థాలు) ఉంటాయి కదా, ఐరన్ మాత్రలు వాడేవాళ్లు టీ పూర్తిగా మానేయాలా?

మానేయక్కర్లేదండీ. టానిన్లు ఇనుముని పట్టుకుని ఒంటికి సరిగా అందనివ్వవు, నిజమే. మాత్రకీ భోజనానికీ కాస్త దూరంగా తాగితే చాలు. టానిన్లు విషమా, మొక్కకి వాటితో ఏం పని అని కూడా అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

వృక్షశాస్త్ర ల్యాబులో ఆకుల నుంచి ఎంజైములు తీసే పని చేశాను. ద్రాక్ష ఆకులంటే మా అందరికీ హడలు. ద్రవ నైట్రోజన్ పోసి నూరినంతసేపూ పొడి పచ్చగా ముద్దొస్తుంటుంది. బఫర్ (ఆమ్ల-క్షార గుణం మారకుండా ఉంచే ద్రావణం) పోసి కరగనిచ్చామా, చూస్తుండగానే గోధుమరంగుకి తిరుగుతుంది. ఇక అందులో పనిచేసే ఎంజైము మిగిలితే అదృష్టమే. బతికున్న ఆకులో టానిన్లు ఎక్కువగా కణాల్లోని రిక్తికల్లో, అంటే ద్రవం నిండిన సంచుల్లాంటి వాటిలో, విడిగా ఉంటాయి. నూరగానే బయటపడి ప్రొటీన్లకి అంటుకుపోతాయి. అందుకే బఫర్‌లో పీవీపీపీ అనే తెల్లపొడి కలుపుతాం. టానిన్లు దాన్ని పట్టుకుంటాయి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఆ పొడితోపాటే అడుక్కి దిగిపోతాయి.

ఆకుని పురుగు నమిలినప్పుడు జరిగేదీ దాదాపు ఇదే. టానిన్లు ప్రొటీన్లకి అంటుకుని ఆకుని సరిగా అరగనివ్వవు, మొక్కకి వాటితో పని అదే. అయితే పురుగులూ తక్కువవి కావు. చాలా గొంగళిపురుగుల పేగులో క్షారగుణం ఎక్కువ, అక్కడ ప్రొటీన్ మీద టానిన్ల పట్టు సడలిపోతుంది. మళ్లీ ఆ క్షారంలోనే కొన్ని టానిన్లు ఆక్సీకరణ చెంది పురుగునే దెబ్బతీస్తాయి! ఎలుకలది ఇంకో దారి. టానిన్లున్న మేత కొన్నాళ్లు పెడితే వాటి లాలాజల గ్రంథులు పెద్దవై, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే ప్రొటీన్లు ఊరి, టానిన్లని నోట్లోనే కట్టిపడేస్తాయి. మన లాలాజలంలోనూ అలాంటి ప్రొటీన్లున్నాయి. పచ్చి అరటికాయ కొరికితే నోరంతా వగరెక్కి పిడచగట్టుకుపోవడం, టానిన్లు వాటిని పట్టేసి జారుడు పోగొట్టడం వల్లే. పండేకొద్దీ ఆ టానిన్లు పెద్ద పెద్ద అణువులుగా పెనవేసుకుని కరగకుండా పోతాయి, వగరూ తగ్గుతుంది.

పశువుల మేతలో కొన్ని రకాల టానిన్లు కొద్దిగా ఉంటే మేలే, కడుపుబ్బరం తగ్గుతుంది. అదే ఓక్ ఆకులూ కాయలూ అతిగా మేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కాబట్టి విషమా కాదా అన్నది ఏ టానిన్, ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక మీ ఐరన్ సంగతి. దానిమ్మ తొక్క కషాయంలో ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుప లవణం ద్రావణం చుక్క వేస్తే సిరాలా నల్లబడుతుంది. టానిన్లు ఇనుముని పట్టుకున్నాయన్నమాట. పేగులో ఇలా నల్లబడి కనిపించదు గానీ, పట్టుకోవడం మాత్రం నిజం. శాకాహారంలోని ఇనుము మీద ఈ ప్రభావం బాగా ఉంటుంది, మాంసంలోని హీమ్ ఇనుము మీద చాలా తక్కువ. నాకు హిమోగ్లోబిన్ తగ్గినప్పుడు డాక్టరు సలహా మీద మాత్ర పరగడుపున వేసుకుని, టీ రెండు గంటల తర్వాతకి జరిపాను. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం పెట్టండి. భోజనంలో విటమిన్ సి ఉన్న పండేదైనా ఉంటే టానిన్ల ప్రభావం కొంత తగ్గుతుంది.

యాంటీఆక్సిడెంట్ అంటూ టానిన్ల పేరుతో అమ్మే గుళికల జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి. పెద్ద టానిన్ అణువులు నేరుగా రక్తంలోకి చేరేది బహు తక్కువ, పైగా మీ ఐరన్‌కే అడ్డం. ఇవన్నీ పాటించినా హిమోగ్లోబిన్ పెరగకపోతే తప్పంతా టీ మీదకి నెట్టేయకుండా, రక్తం ఎక్కడైనా పోతోందేమో డాక్టరుతో చూపించుకోండి.