పొగను లెక్క రాసే అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: నేను ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. మా వార్డు పక్కనే డంపింగ్ యార్డు ఉంది. అక్కడ చెత్త తగలబెడితే రాత్రంతా కిటికీలు మూసుకుని పడుకోవాల్సిందే. రెండు నెలల నుంచి ఏ రోజు ఏ టైముకి పొగ వచ్చిందో నోట్‌బుక్‌లో రాస్తున్నాను. కాలనీవాళ్లు మునిసిపల్ ఆఫీసుకి ర్యాలీగా వెళ్దామనుకుంటే మునిసిపాలిటీ అనుమతి ఇవ్వలేదు. అదే నెలలో స్వాగత ద్వారం కట్టడానికి కౌన్సిల్ డబ్బు కేటాయించింది. ఇలాంటి నిర్ణయాలు సరిగా జరిగేలా చూసే ఉద్యోగం చేయాలని ఉంది. నాన్న మాత్రం "అవన్నీ రాజకీయాలు, సీఎస్‌ఈ తీసుకో" అంటున్నారు. ఏ కోర్సులో చేరాలి?

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో ఆ నోట్‌బుక్ గురించి రాసిన వాక్యాన్ని రెండుసార్లు చదివాను. కోపం అందరికీ వస్తుంది. రెండు నెలలు విసుగు లేకుండా తేదీ, టైము రాసుకోవడం అందరివల్లా కాదు. నా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ముందు నాన్నగారి మాట. కౌన్సిల్లో చేతులెత్తి ఓటేసేది ఎన్నికైన సభ్యులే, అది రాజకీయమే. కానీ వాళ్ల ముందుకు వచ్చే అజెండా కాగితం ఎవరు తయారు చేస్తారు? మునిసిపల్ ఇంజనీరు అంచనా వేస్తారు, హెల్త్ ఆఫీసరు నోట్ రాస్తారు, అకౌంట్స్ విభాగం డబ్బుందో లేదో చెబుతుంది, టౌన్ ప్లానింగ్ వాళ్లు మ్యాపు గీస్తారు. ఆ కాగితంలో లేని విషయం మీద సాధారణంగా చర్చే జరగదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ పనులంటూ 18 అంశాలు చెప్పింది. పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ, పర్యావరణ రక్షణ అందులోనివే. వీటికి చదువుకున్నవాళ్లు కావాలి. ఇది నాన్నగారికి ఇలాగే చెప్పు, వాదించకు.

నువ్వు అడిగిన మూడు సంగతులూ మూడు వేర్వేరు చదువుల దగ్గరికి వెళ్తాయి.

పొగ సంగతి చూద్దాం. గాలిలో దుమ్ము ఎంతుందో కొలవడానికి ఒక తెల్లటి ఫిల్టరు కాగితాన్ని ముందు తూకం వేస్తారు. మిషన్ దాని గుండా 24 గంటలు గాలి లాగుతుంది. తర్వాత మళ్లీ తూస్తారు. పెరిగిన బరువును, లాగిన గాలి పరిమాణంతో భాగిస్తే లెక్క వస్తుంది. పీఎం 2.5 అనే సన్నటి ధూళికి మన దేశంలో 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. చెత్త పొగ తగిలిన ఫిల్టరు మసిబారి బయటికి వస్తుంది, దాన్ని చూశాక "మాకేం కనబడలేదు" అనడం ఎవరికైనా కష్టమే. ఈ పని సివిల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లది. కాలుష్య నియంత్రణ మండలిలో, మునిసిపాలిటీల్లో, పర్యావరణ ప్రభావ నివేదికలు తయారు చేసే ప్రైవేటు సంస్థల్లో వీళ్లకు చోటు ఉంటుంది.

స్వాగత ద్వారం సంగతికి బడ్జెట్ పుస్తకం చూడాలి. ప్రతి పద్దు పక్కనా నిరుడు నిజంగా అయిన ఖర్చు, ఈ ఏటి సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా ఉంటాయి. అంచనా ఘనంగా ఉండి, ఖర్చు అందులో పావు వంతు కూడా లేకపోతే అసలు కథ అక్కడే ఉన్నట్టు. ఇలాంటివి చూస్తే నీకు ఉత్సాహం వస్తుందా? వస్తే ఎకనామిక్స్ లేదా బీకాం, ఆ తర్వాత ఆడిట్ వైపు పరీక్షలు.

ర్యాలీ విషయంలో నీ ఉత్తరంలో చిన్న పొరపాటు ఉంది, సరిచేయాలి. ఊరేగింపుకి అనుమతి మునిసిపాలిటీ ఇవ్వదు, పోలీసులు ఇస్తారు. పేపర్లో చూసే "సెక్షన్ 30" 1861 నాటి పోలీస్ చట్టంలోది. మనం ఇంకా 144 అనే పిలుస్తున్న నిషేధాజ్ఞ 2024 జూలై నుంచి కొత్త చట్టంలో సెక్షన్ 163. న్యాయంగా అభిప్రాయం చెప్పేవాళ్లను అణచడానికి దాన్ని వాడకూడదనీ, ఆ ఆజ్ఞలను ప్రచురించాలనీ సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. అంటే "కుదరదు" అనే నోటిమాట దగ్గర ఆగిపోకుండా, కాగితం మీద కారణం అడగొచ్చు. ఎలా అడగాలో నేర్పేది లా. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకాల విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమని సుప్రీంకోర్టు 2013లో చెబితే, 12 గ్రామసభలూ వద్దన్నాయి, గని ఆగిపోయింది. అంత చిన్న ఊళ్ల మాటకు చట్టంలో అంత బలం ఉందని కోర్టు దాకా తీసుకెళ్లి చూపించినవాళ్లు కావాలి కదా. ఎంపీసీ వాళ్లూ జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాయొచ్చు, రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి ఐదేళ్ల కోర్సులో చేరొచ్చు.

నీకు నేనైతే ఇంజనీరింగే చెబుతాను, సీఎస్‌ఈ కాదు, సివిల్. కొలిచి రాసే అలవాటు నీకు ముందే ఉంది. ఎమ్‌టెక్‌లో పర్యావరణం తీసుకోవచ్చు. డిగ్రీ అయ్యాక గ్రూప్-2 రాస్తే గ్రేడ్-3 మునిసిపల్ కమిషనర్ పోస్టు కూడా ఆ పరిధిలోనే ఉంది. జేఈఈ మెయిన్‌కి అప్లై చేసేటప్పుడు పేపర్ 2బీ కూడా టిక్ పెట్టు, అది ప్లానింగ్ డిగ్రీకి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ఆ కోర్సు ఉంది. డంపింగ్ యార్డు ఎక్కడ పెట్టాలి, ఇళ్లకు ఎంత దూరం ఉండాలి అని ముందే ఆలోచించేది ఆ చదువే. ఒక మాట దాచను: ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏళ్లతరబడి రాకపోవచ్చు, వచ్చాక కూడా ఒత్తిళ్లు ఉంటాయి. నాన్నగారి టెన్షన్ దీని గురించే అయితే అది అర్థం లేనిది కాదు. అందుకే ప్రైవేటులో కూడా పని దొరికే డిగ్రీ చెబుతున్నాను.

పరీక్షలు అయిపోగానే ఒక పని చెయ్యి. నాన్నగారి సంతకంతో మునిసిపాలిటీకి ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు పెట్టు. చెత్త బయట తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. డంపింగ్ యార్డులు కూడా అందులోకి వస్తాయి. నిరుడు ఎన్ని జరిమానాలు వేశారు, యార్డు నిర్వహణకు ఎంత కేటాయించి ఎంత ఖర్చు పెట్టారు, ఈ రెండే అడుగు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన కాగితాన్ని నువ్వూ నాన్నగారూ కలిసి చదవండి. అంకెల దగ్గర ఆగావా, చట్టం దగ్గర ఆగావా గమనించి నాకు మళ్లీ రాయి, అప్పుడు ఈ సలహా మార్చుకోవాల్సి వస్తే మార్చుకుందాం.

ఈలోగా నోట్‌బుక్‌లో ఇంకో గడి గీయి. గాలి ఎటు నుంచి వీస్తోందో అందులో రాసుకో.