చిన్న ఊళ్లో పాత ఇల్లు కొనొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మావారు వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. హైదరాబాద్ వదిలి కనిగిరిలో ఉందామనుకుంటున్నాం. మా అత్తగారి ఊరు అక్కడికి దగ్గరే. పాత వీధిలో 5 సెంట్లలో ఉన్న డాబా ఇల్లు 38 లక్షలకు చెబుతున్నారు. యజమాని చనిపోయారు, ఇద్దరు కొడుకులు కలిసి అమ్ముతున్నారు. గ్రామకంఠం (ఊళ్లో ఇళ్లున్న పాత నివాస స్థలం) కాబట్టి భూమి పాసుబుక్కు ఉండదంటున్నారు. ఆ వీధిలో అలాంటి ఇంటికి అద్దె 8 వేలు. కొనమంటారా? ముందు ఏం చూసుకోవాలి?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీరిచ్చిన అంకెలే చూద్దాం. 38 లక్షలు ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏడాదికి సుమారు 2 లక్షల 47 వేలు వస్తుంది. ఆ ఇంట్లో అద్దెకుంటే ఏడాదికి అయ్యేది 96 వేలు. కొంటే రిజిస్ట్రేషన్‌కే ఏడున్నర శాతం, అంటే 2 లక్షల 85 వేలు పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం. మీరు రాసుకున్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిమీద లెక్క కడతారు. కాబట్టి డబ్బు లెక్కలో ఇది లాభసాటి బేరం కాదు. సొంత చూరు కింద ఉండాలన్న కోరికతో కొంటే మాత్రం అది తప్పేం కాదు. కానీ ఆ కోరికకు ఎంత ఖర్చు పెడుతున్నారో తెలిసి కొనండి. కనిగిరి మీదుగా నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం వస్తే ధర రెట్టింపవుతుందని మధ్యవర్తి ఎవరైనా చెబితే ఆ మాటను లెక్కలోకి తీసుకోవద్దు. చిన్న ఊళ్లో ఇల్లు కొనడం తేలిక, అమ్మడమే కష్టం. అదే వీధిలోనో పక్క వీధిలోనో ముందు ఏడాది అద్దెకు ఉండమనే మా సలహా. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిస్తే తెలిసే విషయాలు ఏ కాగితంలోనూ కనపడవు.

వాటిలో మొదటిది నీళ్లు. కనిగిరి, పొదిలి ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది దశాబ్దాలుగా తెలిసిందే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన దాంట్లో మరింత చిక్కబడుతుంది. బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వకండి. శుభ్రమైన లీటరు సీసాను అదే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి, మోటారు పది నిమిషాలు ఆడాక పట్టండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఇచ్చి ఫ్లోరైడ్, మొత్తం కరిగిన లవణాలు, కాఠిన్యం, నైట్రేట్ చూడమని అడగండి. లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, 2000 దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. నైట్రేట్ 45 దాటితే చుట్టుపక్కల మరుగుదొడ్డి గుంతల మురుగో, పశువుల కొట్టాల మురుగో బోరులోకి దిగుతోందేమోనని అనుమానించాలి. పాత ఇళ్లలో బోరుకూ గుంతకూ మధ్య దూరం చాలాసార్లు పదడుగులే ఉంటుంది. కనీసం 50, 60 అడుగులుండాలి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే తాగడానికీ వంటకూ ఆర్వో నీళ్లే వాడాలి. ఎనిమిదేళ్లలోపు మనవలు వచ్చి ఎక్కువ రోజులుండే ఇల్లయితే ఇందులో రాజీ పనికిరాదు, వాళ్ల పళ్లు పాడయ్యేది ఆ వయసులోనే. ఇక నీళ్లు ఎన్నున్నాయన్నది మే నెలలో చూడాలి. మోటారు గంటసేపు ఆపకుండా నడిపించండి. మొదట 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో, గంట తర్వాత ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ధార సన్నబడి గాలి కొడుతోందంటే ఆ బోరుమీద ఆశ పెట్టుకోవద్దు. కుళాయి నీళ్లు ఎన్నిరోజులకోసారి వస్తాయో ఇరుగుపొరుగు ఆడవాళ్లను అడగండి, అమ్మేవాళ్లను కాదు.

డాబా అన్నారు కాబట్టి స్లాబు సంగతి. ఉప్పునీళ్ల ఊళ్లలో కాంక్రీటు కలపడానికీ తడపడానికీ అవే బోరు నీళ్లు వాడి ఉంటారు. ఆ ఉప్పుకు లోపలి ఇనుము తుప్పుపడుతుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కింది కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చులు ఊడటానికి కారణం అదే. కొత్తగా సున్నమో రంగో వేసిన పైకప్పును నమ్మకండి. చిన్న సుత్తితో గది గదికీ తట్టి చూడండి. బోలుగా మోగిన చోట పెచ్చు వదిలినట్టే. చువ్వల వెంబడి గీతల్లా పగుళ్లుంటే మరమ్మతు పైపూతతో సరిపోదు. గోడలు రాతికట్టుడే అయినా మధ్యలో సిమెంటుందా, మట్టి ఉందా అన్నది ఒకచోట పూత చెక్కి చూడాలి. మట్టికట్టుడు గోడలమీద ఇంకో అంతస్తు ఆలోచనే వద్దు. గోడ అడుగున రెండు మూడడుగుల ఎత్తు వరకు పూత పొడి రాలుతుంటే నేలలోంచి నెమ్ము ఎక్కుతోందన్నమాట. వాకిళ్ల చెక్కలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చెదలు చూడండి. వానలు పడే అక్టోబరులో ఒకసారి పైకప్పు కింద నిలబడి చూడగలిగితే ఇందులో సగం సందేహాలు తీరిపోతాయి. మరుగుదొడ్డి గుంత ఎత్తే ట్యాంకరు ఆ సందులోకి వస్తుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.

ఇప్పుడు కాగితాలు. ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారని రాశారు. అక్కచెల్లెళ్లున్నారా, తల్లి ఉన్నారా అన్నది రాయలేదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే ఆయన తల్లి, అందరూ సమాన వారసులు. చనిపోయిన కూతురుంటే ఆమె పిల్లలకూ ఆ వాటా వస్తుంది. "పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం" అన్నది ఇంట్లో మాటే, చట్టంలో కాదు. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. అందులో ఉన్న ప్రతి ఒక్కరూ అమ్మకందారుగా దస్తావేజులో సంతకం పెట్టాలి, లేదా రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు ఉండాలి. మైనరు వాటా ఉంటే కోర్టు అనుమతి లేకుండా కొంటే, వాడు పెద్దయ్యాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని ప్రశ్నించొచ్చు.

గ్రామకంఠమంటే పాసుబుక్కు లేకపోవడం నిజమే, అది లోపం కాదు. దాని బదులు చూడాల్సినవి పాత క్రయ దస్తావేజుల గొలుసు, చనిపోయినాయన పేరుమీద ఇంటి పన్ను రశీదులు, కరెంటు సర్వీసు ఎప్పటిది అన్నవి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తిమీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) 30 ఏళ్లకు తీయించండి. ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటొకటుంది. సర్వే నంబరు ఉపయోగపడని ఇళ్లకు ఈసీని డోరు నంబరుతో వెతుకుతారు. పంచాయతీ నగర పంచాయతీగానో మున్సిపాలిటీగానో మారినప్పుడు డోరు నంబర్లు మారతాయి. కొత్త నంబరుతో వెతికితే లావాదేవీలేవీ లేవని శుభ్రంగా వస్తుంది, పాత నంబరుతో వెతికితే తనఖా బయటపడొచ్చు. రెండు నంబర్లతోనూ, యజమాని పేరుతోనూ, హద్దులతోనూ తీయించండి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, చేతి తనఖాలు, కోర్టు కేసులు చాలావరకు ఈసీలో రావు. అందుకే ఒరిజినల్ దస్తావేజులు కళ్లారా చూడాలి, జిరాక్సులతో సరిపెట్టుకోవద్దు. ఒరిజినల్ పత్రాలు ఏ ఫైనాన్సు వ్యాపారి బీరువాలోనో ఉండొచ్చు. ఆ స్థలం రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. కొన్నిచోట్ల గ్రామకంఠాలు కూడా ప్రభుత్వ భూములతో కలిసి ఆ జాబితాలో చేరిపోయాయి.

స్థలం టేపుతో కొలిపించండి. సెంటుకు 48.4 గజాలు, మీ 5 సెంట్లకు 242 గజాలు రావాలి. మీవైపు అంకణాల్లో కూడా చెబుతారు. అంకణం కొన్నిచోట్ల 72 చదరపు అడుగులు, కొన్నిచోట్ల 36. కాబట్టి దస్తావేజులో గజాలే రాయించండి. పక్కింటితో ఉన్నది ఉమ్మడి గోడా, వాళ్ల చూరు నీళ్లు మీ పెరట్లో పడుతున్నాయా, వెనకింటివాళ్లకు మీ స్థలంలోంచి నడకదారి ఉందా అన్నవి కొలిచే రోజే పక్కవాళ్లను పిలిచి తేల్చుకోవాలి.

లోను కావాలంటే బయానాకు ముందే బ్యాంకును అడగండి. ప్లాను అనుమతి లేని పాత ఇళ్లకు చాలా బ్యాంకులు వెనకాడతాయి. బయానా 20 వేలు, ఆపైన ఎంతైనా నగదుగా ఇవ్వకూడదు, చెక్కో బ్యాంకు బదిలీయో కావాలి. ఒప్పందంలో వారసులందరి సంతకాలు, గడువు తేదీ, హక్కు సరిగా లేదని తేలితే బయానా వెనక్కిచ్చే షరతు ఉండాలి. స్థానిక దినపత్రికలో లాయరు పేరుతో ప్రకటన వేసి 15 రోజులు ఆగండి. ఖర్చు తక్కువ, అలిగి కూర్చున్న అక్కచెల్లెళ్లు ఉంటే అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: మా మండల కేంద్రంలో ప్రభుత్వం పేదలకిచ్చిన ఇళ్ల పట్టా స్థలం, అందులో రెండు గదుల ఇల్లు సగం ధరకే ఇస్తామంటున్నారు. 100 రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ చేయిస్తారట. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, దర్శి

జవాబు: వద్దు. నోటరీ కాగితంతో ఇంటిమీద హక్కు రాదు. దానికి రిజిస్టరైన క్రయ దస్తావేజే కావాలి. జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) రాయించుకుంటే అమ్మకమైనట్టు కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ప్రభుత్వమిచ్చిన స్థలాలకు 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం అడ్డొస్తుంది. పట్టా ఏ తేదీది, ఏ షరతులతో ఇచ్చారు, ఇప్పుడు అమ్ముకునే హక్కు వచ్చిందా అన్నది తహసీల్దారు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెచ్చుకుని, సబ్ రిజిస్ట్రారు రిజిస్టరు చేస్తానంటేనే మాట్లాడండి. సగం ధర అన్నది ఆ హక్కు లేకపోవడం వల్ల వచ్చిన ధరే.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మానాన్నల కోసం మా ఊరి పక్క టౌనులో అరెకరం తోట మధ్యలో ఉన్న ఇల్లు కొనాలని ఉంది. రాకుండా పని పూర్తిచేయొచ్చా?
- ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లు) నివాస గృహం కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. మీరడిగిన అరెకరం రికార్డుల్లో వ్యవసాయ భూమిగా ఉంటే, మధ్యలో ఇల్లున్నంత మాత్రాన అది నివాస స్థలం కాదు. నాన్నగారు ఇక్కడే ఉన్న భారత పౌరులు కాబట్టి ఆయన పేరుమీద ఆయనే కొనడం తేలిక, మీరు ఆయనకు డబ్బు పంపొచ్చు. టౌనులోని ఇల్లయి మీ పేరునే కావాలంటే పవరాఫ్ అటార్నీ ఈ ఒక్క ఇంటికే పరిమితం చేసి, డోరు నంబరు, హద్దులు రాసి, భారత కాన్సులేట్‌లో సంతకం చేయండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి, ఆ గడువు దాటితే జరిమానాతో చిక్కు. డబ్బు మీ ఎన్నారై ఖాతా నుంచి నేరుగా అమ్మకందారు ఖాతాకే వెళ్లాలి. అమ్మేవాళ్లు కూడా విదేశాల్లో ఉంటే ధర 50 లక్షల లోపున్నా మూలంలో పన్ను కోత (టీడీఎస్) తప్పదు, చెల్లించే ముందు ఆడిటరును కలవండి.